కయెరు అంటే కప్ప

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం ఒకరినొకరు పిలుచుకోవడానికి వాడిన మాట ఒక్కటే: "ఇగో". ఆయన "ఇగో" అంటే నేను చూసేదాన్ని. నేను "ఇగో" అంటే ఆయన చూసేవాడు. ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ. ఆమె ఎవరికో చాయ్ గ్లాసు అందిస్తూ "ఇగో" అంటే ఇద్దరం ఒకేసారి తలలు తిప్పేవాళ్లం. మామ నేను కోడలిగా రాకముందే చనిపోయాడు. ఇల్లు చిన్నది, మనుషులు తక్కువ, మాటలు ఇంకా తక్కువ.

ఆయనకు ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఫ్లెక్సీలు ప్రింట్ చేసే దుకాణం ఉంది. మా పుట్టినూరు మంచాల. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో జపనీస్ నేర్చుకున్నాను. ఎందుకు జపనీసే అంటే పెద్ద కథేమీ లేదు. నాతో చదివిన అమ్మాయి ఒకతి చేరింది, బస్సులో తోడు ఉంటుందని నేనూ చేరాను. ఆమె నెల తిరక్కుండానే మానేసింది, నేను మానలేదు. ఆ చదువుతోనే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. కార్ల విడిభాగాల గురించి జపాన్ నుంచి వచ్చే మెయిళ్లను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. వారంలో కొన్ని రోజులు బస్సెక్కి ఆఫీసుకు వెళ్తాను, మిగతా రోజులు ఇంట్లోనే. నట్లు, బోల్టులు, రబ్బరు వాషర్లు, అవి ఎందుకు లీకవుతున్నాయి, ఎప్పుడు మారుస్తారు. నా జపనీస్ అంతా వాటి చుట్టే తిరిగేది. అత్తమ్మ మాత్రం ఇరుగుపొరుగుకు "మా కోడలు రోజూ జపానోళ్లతోని మాట్లాడుతది" అని గొప్పగా చెప్పుకునేది. వాళ్లతో వాషర్ల గురించి మాట్లాడతానని నేను బయటపెట్టలేదు.

ఆయనకు ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక టీవీకి గేమ్ డబ్బా తగిలించుకుని ఆడుకోవడం అలవాటు. ఆటలంటే తుపాకులో కార్లో ఉంటాయనుకున్నాను. ఆయన ఆడుతున్నది నిదానంగా సాగే జపాన్ ఆట. ఒక పెద్ద చెరువు. అవతలి ఒడ్డు ఎప్పుడూ పొగమంచులో ఉంటుంది. ఇవతల ఒక చిన్న ఊరు. ఒక పిల్ల పడవ నడుపుతూ జనాన్ని అటూ ఇటూ దాటిస్తుంటుంది. ఒకరోజు ఆమె అన్న పడవెక్కి పొగమంచులోకి వెళ్తాడు. ఆ తర్వాత కనిపించడు. పిల్లను పెంచే మేనత్త ఒకామె గడప దగ్గర దీపం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆట ఆడే మనిషి ఆ పిల్లై ఊరంతా తిరుగుతూ అన్న గురించి అడగాలి. చివర్లో ఆ పిల్ల పడవను గట్టుకు కట్టేసి ఇంటికి వస్తుంది. మేనత్త ఒకే ఒక్క మాట అంటుంది. తెర నల్లబడుతుంది. అన్న బతికి ఉన్నాడా లేడా చెప్పకుండానే ఆట అయిపోతుంది.

ఆ ఆదివారం నేను వెనక మంచం మీద బట్టలు మడతపెడుతున్నాను. టీవీలో మేనత్త ఆ చివరి మాట, "కయెరు" అంది. కింద ఇంగ్లీషులో "అదిగో కప్ప" అని పడింది. నిజంగానే గడప పక్కన ఒక కప్ప కూర్చుని ఉంది. మడతపెడుతున్న చీర చేతిలోనే ఉండిపోయింది.

"ఇగో, జర వెనుకకు పెట్టు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. నేను అప్పటిదాకా ఆయన ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు మరి. "ఏమైంది?"

"గామె ఏమన్నదో మల్లొకసారి వినాలె."

పెట్టాడు. విన్నాను. "కప్ప అని ఎందుకు రాసిండ్రు? కయెరు అంటే కప్పే. కాని తిరిగొచ్చుడు గూడ కయెరే. ఇంటికి తిరిగొచ్చుడు."

"ఎవరు తిరిగొచ్చుడు?"

"గదే మరి. వాళ్లు నేను, నువ్వు, ఆయన అని ప్రతిసారి చెప్పరు. ఉత్తగ 'వస్తడు' అంటరు. ఎవరనేది ఇంటోళ్లకు తెలుస్తది."

ఆయన చేతిలోది కింద పెట్టేసి పూర్తిగా నా వైపు తిరిగాడు. "అంటే అన్న వస్తడని చెప్తున్నదా గామె?"

"గట్ల గూడ అనుకోవచ్చు అంటున్న."

"మరి అందరు సచ్చిపోయిండనే అంటున్నరు గద!"

అందరూ అంటే ఎవరని అడిగాను. అప్పుడు తెలిసింది, ఈ ఆట ఆడినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని, ఇంటర్నెట్‌లో ఒక గుంపుగా చేరి ఆ అన్న గతి ఏమైందని రోజూ కొట్లాడుకుంటున్నారని. ఒక్కొక్కరిది ఒక్కో థియరీ. చచ్చాడనేవాళ్లదే పైచేయి, మా ఆయన కూడా ఆ వర్గమే. వాళ్ల దగ్గర ఉన్న పెద్ద ఆధారం పడవ మీద రాసిన అంకె, నలభై తొమ్మిది. ఆ అంకెకు ఏదో చెడ్డ అర్థం ఉందని అందరూ అంటున్నారు గానీ ఏమిటో ఆయనకు సరిగా తెలియదు.

నాకు తెలుసు. జపనీస్‌లో నాలుగును "షి" అంటారు, చావునూ "షి" అంటారు. తొమ్మిదిని "కు" అంటారు, కష్టాన్నీ "కు" అంటారు. అందుకే అక్కడ కొన్ని దవాఖానల్లో ఆ నంబర్ల గదులు ఉండవట. మా క్లాసులో టీచరమ్మ చెప్పింది. అంకెలను మాటలుగా చదవడం వాళ్లకు ఆటలాంటిదని, ముప్పై తొమ్మిది అని రాస్తే "సాన్ క్యూ" అవుతుంది కాబట్టి థాంక్యూకు బదులు ఆ అంకె పంపుకుంటారని కూడా చెప్పింది. ఇవన్నీ చెప్తుంటే ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. వాషర్ల మెయిళ్లు చదువుకునే నాకు ఈ సంగతులు ఎవరికైనా పనికొస్తాయని ఎన్నడూ తట్టలేదు.

"అయితే పడవ మీద చావు రాసి ఉన్నది, గడప కాడ తిరిగొచ్చుడు కూసున్నది," అన్నాడు ఆయన. "గిప్పుడు ఏది నమ్మాలె?"

చీకటి పడేదాకా అదే మాట్లాడుకున్నాం. అత్తమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లిపోయింది. మేం కొట్లాడుకుంటున్నామేమోనని ఆమెకు భయం.

ఆ వారమే నా థియరీని ఇంగ్లీషులో రాసి ఆ గుంపులో పెట్టాను. ఆయన పక్కన కూర్చుని కప్ప కనబడే చోట్ల ఫొటోలు తీసి ఇచ్చాడు. అన్న పేరు వచ్చిన ప్రతిచోటా చుట్టుపక్కల ఎక్కడో కప్ప ఉంటుంది. ఒకచోట గోడ మీద బొమ్మ, ఒకచోట గొడుగు మీద, ఒకచోట ఉత్త అరుపు. దూరం పోయినవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని జపాన్‌లో చాలామంది కప్ప బొమ్మను దగ్గర పెట్టుకుంటారని కూడా రాశాను. మరునాడు బస్సులో ఫోన్ తీసి చూస్తే జవాబులు వచ్చి పడుతున్నాయి. మెచ్చుకున్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. ఒకాయన అయితే "నువ్వు మా అన్నను బతికించావు" అని రాశాడు. నేను బొంగుళూరు దాటిందాకా చిరునవ్వుతోనే ఉన్నానని, పక్క సీటామె నన్ను అదోలా చూసిందని నాకు గుర్తు.

తర్వాత ఒసాకా నుంచి అంటూ ఒకామె రాసింది. చాలా మర్యాదగా, నా థియరీకి ఒక సూది గుచ్చింది. రెండూ "కయెరు" లే గానీ పలికే తీరు వేరు కదా అంది. టోక్యో మాటలో తిరిగి రావడమైతే గొంతు మొదటే ఎత్తుగా ఉండి కిందికి దిగుతుంది. కప్పయితే కిందినుంచి మొదలై పైకి లేస్తుంది. మేనత్త ఎలా పలికిందో వినండి, అంది.

ఆ ఆదివారం ఇద్దరం టీవీకి చెవులు ఆనించి విన్నాం. ఆయనొకటి వినిపించిందంటే నేనొకటి అంటాను. ఇద్దరం పోటీపడి "క-యెరు", "కయె-రు" అని గొంతులు ఎత్తి దించి పలుకుతుంటే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"గదేం అరుపులే? మేకపిల్లలెక్క."

ఒప్పుకోక తప్పలేదు. మేనత్త గొంతు కిందినుంచి పైకే లేస్తోంది. అంటే కప్పే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆ ఒసాకా ఆమెకే మళ్లీ అనుమానం వచ్చింది. మేనత్త మాట్లాడేది పల్లెటూరి యాస, అక్కడ ఈ ఎత్తుపల్లాలు తారుమారు కావచ్చు, నేనూ గట్టిగా చెప్పలేను అంది. యాస సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఆఫీసులో నేను "ఇప్పుడే వచ్చిన" అంటే గుంటూరు నుంచి వచ్చిన ఒకామె ఇంకా ఏదో చెప్తాననుకుని నా మొహం చూస్తూ ఆగిపోయేది. వచ్చిన ఏమిటి, వచ్చిన ఎవరు అని. నాకేమో వాక్యం అయిపోయింది. కాబట్టి యాస మీద నా ఆశ పెట్టుకున్నాను. మా అన్న మళ్లీ బతికాడు.

అప్పటికి అత్తమ్మ కూడా మాతో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమెకు సీరియళ్లు చూసే అలవాటు, ఇదీ ఒక సీరియల్ లాంటిదే అనుకుంది. జపనీస్ మాటలు అడిగి చెప్పించుకునేది. వాళ్ల "ఆమె" అంటే వాన అని చెబితే చాలాసేపు నవ్వింది. "నాకు" అంటే ఏడవడం అన్నాను.

"అవ్ మరి," అంది వెంటనే. "పొద్దూకులు నాకు నాకు అనేటోళ్లకు చివరికి ఏడ్పే గద."

అన్న గురించి ఆమెకు సొంత థియరీ ఉంది. అంకెలూ వద్దు, కప్పలూ వద్దు. "సావలే, ఏంలే," అంది ఒకరోజు తమలపాకు నములుతూ. "అలిగిండు. చెల్లె వచ్చి పిలుస్తదని గక్కడనే కూసున్నడు. ఇది పడవ ఏసుకొని ఊర్లోల్లందర్ని దాటిస్తది గని అన్న కాడికి పోదు."

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వు ఆపేసి టీవీ వైపు తిరిగాడు.

విషయం ఏమిటంటే, అత్తమ్మకు బాలాపూర్‌లో ఒక అన్న ఉన్నాడు. మా ఆయనకు మేనమామ, వరసకు నాకు పెద్దబాపు అవుతాడు. మా పెళ్లిలో అలిగి అన్నం తినకుండా వెళ్లిపోయాడు. కారణం ఫ్లెక్సీ. మా దగ్గర ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎక్కడ ఉంది, ఎంత ఉంది అనేది చిన్న విషయం కాదు. ఊరందరి ఫ్లెక్సీలకు ఆ లెక్కలన్నీ జాగ్రత్తగా చూసే మా ఆయన సొంత పెళ్లి హడావుడిలో ఆ పని దుకాణంలో వేరేవాళ్లకు అప్పగించాడు. మామ లేని ఇంట్లో పెద్దదిక్కుగా నిలబడాల్సిన మేనమామ ఫొటో కింది వరుసలో పడింది. జనరేటర్ తెచ్చిచ్చిన దోస్తు ఫొటో ఆయన మీద ఉంది. పెద్దబాపు గేటు దగ్గర నిలబడి ఆ ఫ్లెక్సీని చూసి, చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి వెళ్లిపోయాడట. అప్పటినుంచి రాకపోకలు లేవు. వినాయక చవితికి బాలాపూర్ నుంచి ఆయన ఇప్పించే ఫ్లెక్సీ పనులు కూడా ఆగిపోయాయి. అత్తమ్మ నోరు తెరిచి ఎప్పుడూ ఆ మాట ఎత్తేది కాదు. ఇద్దరిదీ ఒకటే మొండిపట్టు.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఆయన ఆటను మళ్లీ మొదటినుంచి ఆడుతున్నాడు. మేం వదిలేసిన గుర్తులేమైనా ఉన్నాయా అని. అత్తమ్మ చాప మీద కూర్చుని చూస్తోంది. అన్న పడవెక్కే ఘట్టం వచ్చింది. చెల్లెలు గట్టు మీద పరుగెడుతుంది, పడవ పొగమంచులో కలిసిపోతుంది. మంచి సంగీతం పెట్టారు అక్కడ. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉండే ఆమె చెల్లెలు, నాకు చిన్నత్త.

"అక్కా, ఏం జేస్తున్నవే? గొంతు గట్లున్నదేంది?"

"ఏం జెప్పాలె చెల్లె. ఏడుపు ఆగుతలేదే," అంది అత్తమ్మ ముక్కు చీదుతూ. "అన్న పోయిండే..."

ఆ తర్వాత కూడా ఆమె చెప్తూనే ఉంది. పడవలో పోయాడని, పొగలో కలిసిపోయాడని, పిల్ల ఒక్కతే అయిందని. కాసేపటికి అవతల నుంచి ఊ కొట్టడం లేదని ఫోన్ తీసి చూస్తే చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. "సిగ్నల్ లేదేమో" అని దాన్ని పక్కన పడేసి మళ్లీ టీవీ వైపు తిరిగింది.

మేమెవరం దాన్ని పట్టించుకోలేదు. నా ఫోన్ లోపలి గదిలో ఉంది, శబ్దం రాకుండా పెట్టాను. ఆయన తన ఫోన్ దుకాణంలో మరిచిపోయి వచ్చాడు.

అవతల చిన్నత్తకు చివరగా వినబడింది రెండే మాటలు: అన్న పోయిండే. ఆమెకు ఉన్నది ఒక్కడే అన్న. పోవడమంటే వెళ్లడం, పోవడమంటే చనిపోవడం కూడా. ఏడుస్తున్న గొంతుతో చెబితే ఎవరు మాత్రం మొదటి అర్థం తీసుకుంటారు? తిరిగి చేస్తే అక్క ఫోన్ పలకదు. నాది ఎత్తలేదు, ఆయనది ఎత్తలేదు. బాలాపూర్‌కు చేస్తే అక్కడా ఎవరూ ఎత్తలేదు. అందరూ ఏడుపులో ఉన్నారని ఆమెకు రూఢి అయిపోయింది. చినమామను వెంటబెట్టుకుని, తెలిసినవాళ్ల ఆటో మాట్లాడుకుని, దారిలో ఒక పూలదండ కొని, ఏడ్చుకుంటూ బాలాపూర్ బయలుదేరింది.

అక్కడ జరిగింది చిన్నత్త తర్వాత ఎన్నోసార్లు చెప్పింది, చెప్పినప్పుడల్లా కొంచెం పెరిగింది. ఎంత తగ్గించి చెప్పినా ఇంత: ఆటో ఆగేసరికి పెద్దబాపు తలకు నల్లరంగు పూసుకుని, భుజాల మీద తువ్వాల కప్పుకుని, ఇంటి ముందు కుర్చీలో ఎండకు కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ కూరగాయలకు వెళ్లింది. ఫోన్ లోపల మోగుతుంటే రంగు చేతులతో ఎందుకులే అని ఆయన లేవలేదు. చెల్లెలు శోకాలు పెట్టుకుంటూ దండతో ఆటో దిగడం చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏమైందే? ఎవరు పోయిండ్రే?"

చిన్నత్త ఆయన్ని చూసింది, దండను చూసింది, అక్కడే రోడ్డు మీద కూలబడింది. ముందు భయంతో అరిచిందట, తర్వాత ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చిందట, ఆ తర్వాత అక్కను తిట్టడం మొదలుపెట్టిందట. పెద్దబాపు అంతా విని, తువ్వాల సర్దుకుని, ఆ ఆటోలోనే ఎక్కి కూర్చున్నాడు.

"పోనియ్యి పట్నం," అన్నాడట ఆటోవాలాతో. మా వైపు పట్నం అంటే ఇబ్రహీంపట్నమూ కావచ్చు, హైదరాబాదూ కావచ్చు. ఆటో కొంతదూరం సిటీ వైపు వెళ్లి మళ్లీ తిరిగిందని చినమామ చెప్పాడు.

మా ఇంటి ముందు ఆటో ఆగిన చప్పుడుకు తలుపు తీసింది నేనే. పెద్దబాపును నేను ఫొటోలో తప్ప చూడలేదు. పెళ్లిరోజు నేను చూసేలోపే వెళ్లిపోయాడు కదా. రంగు కారి చెవి మీదికి వచ్చి ఎండిపోయిన ఒక పెద్దమనిషి, చేతిలో పూలదండతో గడప బయట నిలబడి ఉన్నాడు.

"మీ అత్త ఉన్నదా బిడ్డా?"

అత్తమ్మ నా వెనక్కి వచ్చింది. ఆయనను చూసి ఆగిపోయింది.

"ఏందే," అన్నాడు పెద్దబాపు. "నేను పోయిన్నంట గద. ఆఖరిసారి సూసిపోదామని వచ్చిన."

అత్తమ్మకు ఏమీ అర్థం కాలేదు. వెనక నుంచి చిన్నత్త "నువ్వే జెప్పలే? అన్న పోయిండే అని ఏడ్వలే?" అని అరిచింది. అప్పుడు అత్తమ్మ వెనక్కి తిరిగి టీవీని చూసింది. టీవీలో ఆ పిల్ల ఇంకా గట్టు మీదే నిలబడి ఉంది. గుర్తుల కోసం ఆ ఘట్టాన్నే మళ్లీ మళ్లీ ఆడుతున్న మా ఆయన ఆటో చప్పుడుకు అట్లాగే ఆపేసి లేచాడు మరి. అత్తమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతుందనుకున్నాను. కానీ ఆమె వెళ్లి అన్న భుజం మీద ఒక్కటి వేసి, అక్కడే తల ఆనించి ఏడ్చేసింది. ఆమె చెంపకు కూడా రంగు అంటింది.

"గన్ని రోజులు అలుగుతరా అన్నా? గడప తొక్కకపోతివి."

"నువ్వు పిలిస్తివా?"

"పిలిచేదేంది? నీ చెల్లె ఇల్లు గాదా?"

పెద్దబాపు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కొద్దిసేపటికి ఆయన కళ్లూ తడిసాయి. నేను లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను, ఇంకేం చేయాలో తోచక.

మా ఆయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తప్పైంది మామా. గా ఫ్లెక్సీ నేను సూసుకోవాలె."

"నీ పని నువ్వు సూసుకోకపోతె ఎట్లరా," అన్నాడు పెద్దబాపు. కోపం లేదు. "జనరేటరోని కింద ఏస్తివి నన్ను."

రంగు అంటకుండా కుర్చీ మీద పాత దుప్పటి వేస్తే దాని మీద కూర్చుని, చాయ్ అందుకుని, "సూపియ్యి, నన్ను సంపిన ఆట" అన్నాడు. మొదటినుంచి మొత్తం చూపించాల్సి వచ్చింది. నేను నలభై తొమ్మిది గురించి చెప్పాను, కప్ప గురించి చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. చివర్లో తెర నల్లబడగానే లేచి నిలబడ్డాడు.

"గిదేంది? గాడు వస్తడో రాడో చెప్పకుండ బంద్ జేస్తరా? రెండో భాగం తీస్తరు సూడు."

ఆ రాత్రి అందరూ మా ఇంట్లోనే తిన్నారు. చిన్నత్త ఆ దండను మా ఇంట్లోని దేవుడి పటానికి వేసింది, కొన్నది వృథా ఎందుకని.

పెద్దబాపు చెప్పినట్టే కొన్నాళ్లకు ఆ ఆట తయారుచేసినవాళ్లు ఒక కొత్త అధ్యాయం వదిలారు. గుంపులో పండుగ వాతావరణం. మా ఇంట్లో కూడా. పెద్దబాపు పొద్దున్నే ఫోన్ చేసి "నేనొచ్చేదాక సురూ చేయకుండ్రి" అన్నాడు. వచ్చాడు, ఈసారి పెద్దమ్మతో. అత్తమ్మ కోడికూర వండింది. అందరం టీవీ ముందు కూర్చున్నాం.

కొత్త అధ్యాయంలో అదే చివరి రోజు, కానీ మేనత్త కళ్లతో. ఆమె పొద్దున లేస్తుంది, బియ్యం కడుగుతుంది, వాకిలి ఊడుస్తుంది, గొడుగులు ఆరబెడుతుంది. ఒక ముసలామె రోజంతా ఏం చేస్తుందో అంతే. మధ్యలో పెద్దబాపు ఒకసారి కునుకు తీశాడు. సాయంత్రమైంది. గడప దగ్గర దీపం కొట్టుకుంటోంది. బయట పిల్ల పడవ కడుతున్న చప్పుడు. నేను టీవీకి దగ్గరగా జరిగాను. మేనత్త దీపం వైపు చూసింది, పక్కన డబ్బాలోంచి కొత్త వత్తి తీసింది, "కయెరు" అంది.

నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత పగలబడి నవ్వాను.

"ఏమైంది? వస్తడా?" అన్నాడు మా ఆయన.

"కాదు. కప్ప కాదు, తిరిగొచ్చుడు గాదు. కయెరు అంటే ఇంకోటి గూడ ఉన్నది. మార్చుడు! పాతది తీసి కొత్తది పెట్టుడు. వత్తి మారుస్తున్న అంటున్నది గామె."

పైగా ఆ మాట పలికే తీరు కూడా సరిగ్గా కప్ప లాగే ఉంటుంది, కిందినుంచి పైకి. వాషర్ మార్చాలి, బోల్టు మార్చాలి అని రోజూ ఆఫీసులో నేను చదివే మాటే అది! అన్ని మెయిళ్లు చదివిన దాన్ని, కప్పల వెంట తిరిగానే గానీ నా ముందున్న మాట నాకు తట్టలేదు. అన్న గురించి కొత్త అధ్యాయంలో ఒక్క ముక్క లేదు.

పెద్దబాపు టీవీ వైపు వేలు చూపించాడు. "గింత దూరం నన్ను గుంజుకొచ్చింది దీపం వత్తా?" అన్నాడు. అత్తమ్మ నవ్వి నవ్వి పొలమారితే పెద్దమ్మ ఆమె తల తట్టింది.

గుంపులో కొందరికి చాలా కోపం వచ్చింది. నన్ను మెచ్చుకున్న ఆయన మళ్లీ రాలేదు. ఒసాకా ఆమె మాత్రం నాకు విడిగా రాసింది. వాళ్ల అమ్మ ఇంట్లో బల్బు మాడినప్పుడు అనే మాట ఇదేనట, తనకు కూడా తట్టలేదట. మేమిద్దరం ఇప్పటికీ అప్పుడప్పుడు రాసుకుంటాం, ఎక్కువగా వంటల గురించి.

ఈ మధ్య మా ఆయన నా దగ్గర జపనీస్ అక్షరాలు నేర్చుకుంటున్నాడు. మాట్లాడటం రాదు, అక్షరాల ఆకారాలు మాత్రం నాకంటే త్వరగా పట్టుకుంటాడు. రోజంతా ఫాంట్లతోనే కదా పని. రెండు అక్షరాలు ఉన్నాయి వాళ్లకు, చూడటానికి ఒకటే చెట్టు లాగా ఉంటాయి, రెండు అడ్డగీతలు. పై గీత పొడుగ్గా ఉంటే "చివర" అని అర్థం, కింది గీత పొడుగ్గా ఉంటే "ఇంకా కాలేదు" అని. కొత్త అధ్యాయంలో ఊరి పొలిమేరలో రంగు వెలిసిన ఒక బోర్డు ఉంది. అందరూ దాన్ని "చివర" అనే చదివారు. ఈయన దాన్ని దుకాణంలో కంప్యూటర్ మీద పెద్దది చేసి, రంగు ఎక్కడ ఊడిందో, కింద గీత అసలు ఎందాకా ఉండేదో గీసి చూపించాడు.

"గిది చివర కాదు. ఇంకా కాలేదు అని రాసిండ్రు. అంటే అన్న కత అయిపోలేదు," అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. కింద రంగు ఊడింది గానీ గీత అంత పొడుగు లేదు అంటాను నేను. ఆయన స్కేలు పెట్టి కొలిచి మళ్లీ చూపిస్తాడు. నిన్న దుకాణంలో మేమిద్దరం దాని మీదే వాదించుకుంటుంటే బర్త్‌డే ఫ్లెక్సీ కోసం వచ్చినాయన కౌంటర్ దగ్గర నిలబడి, "అన్నా, ముందుగాల నాది ఇచ్చి తర్వాత కొట్లాడుకోండ్రి" అన్నాడు.